గెడ్డవలస కొసింటమ్మ తల్లి

గెడ్డవలస తల్లిని చూడాలంటే ముందు ఊరంతా దాటాలి. బస్సు దిగి, సావిడి దాటి, ఇక్కడివారు గెడ్డ అనే వాగు మీది చప్టా దాటితే కుమ్మరి వీధి వస్తుంది. ఆ వీధి చివర పెంకుటిల్లే శ్రీ కొసింటమ్మ వారి ఆలయం. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. నడిమి గదిలో మూరెడు ఎత్తు నల్లరాతి విగ్రహం ఉంటుంది. తల్లి కుడిచేయి చెవి వెనుక ఆనించి ఉంటుంది. పెదవులు కొద్దిగా విడివడి, ఏదో చెప్పబోతున్నట్టు కనిపిస్తాయి. ఇక్కడికి వచ్చేవారు కొబ్బరికాయ మరిచినా మరుస్తారు గాని, గుప్పెడు ఎండుగడ్డి తేవడం మరువరు. అది చూసి కొత్తవాళ్ళు "అమ్మవారి వాహనం ఆవా?" అని అడుగుతుంటారు. కాదు, ఆ గడ్డి కథ వేరు.

పూర్వం ఇక్కడ ఊరి వ్యవహారాలన్నీ సావిడి ముందు జరిగే కూటంలో తేలేవి. ఏ నీరు ఎటు పారాలో, ఏ బాట ఎక్కడ పడాలో అక్కడే నిర్ణయించేవారు. కూటానికి ముందు తప్పెట కొట్టి ఊరంతా చాటింపు వేయాలని, ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చునని ఊరి కట్టు. పెద్దల మాట చద్దిమూట అంటారు గాని, ఆ మూట గెడ్డ దాటి కుమ్మరి వీధికి మాత్రం ఏనాడూ చేరలేదు.

ఆ వీధి కొసన ఎర్నమ్మ అనే ఇల్లాలు ఉండేది. భర్త పోయాక కుమ్మరి సారె తానే తిప్పుతూ ఇద్దరు ఆడపిల్లలను సాకుతోంది. గెడ్డ పక్కనున్న బంకమట్టి గుంటే ఆమెకూ, ఆ వీధికీ అన్నం పెట్టేది. ఒకనాటి ఉదయం మట్టికి వెళ్ళేసరికి గుంట చుట్టూ మేకులు పాతి ఉన్నాయి. పొలాలకు నీరు నిలపడానికి అక్కడ గెడ్డకు అడ్డుకట్ట వేస్తారట. గుంట మునిగిపోతుందట. కూటంలో తీర్మానం కూడా అయిపోయిందట.

ఎర్నమ్మ పరుగున ఊరి పెద్ద చిన్నంనాయుడి ఇంటికి వెళ్ళింది. నాయుడు చెడ్డవాడు కాడు. మజ్జిగ ఇప్పించి, సంగతంతా ఓపికగా విన్నాడు.

"సాటింపేసినాం గదే ఎర్నమ్మా! మీ ఈదోలు ఒకలైనా రానేదు. అడగందే అమ్మైనా పెట్టదు గదా" అన్నాడు.

"ఎప్పుడడగాలో మాకెవులు సెప్పినారు బాబూ?"

"తప్పెట మోగినాది. ఇనకపోతే ఎవుల తప్పు?"

 తన చెవులే మందగించాయేమోనని ఎర్నమ్మ ఇంటికి వచ్చి కూతుళ్ళను అడిగింది. వాళ్ళూ వినలేదు. కట్ట పని ఎప్పుడు మొదలుపెట్టాలో మరో కూటంలో ఖరారు చేస్తారని మాత్రం తెలిసింది. ఆ కూటం ఎప్పుడని సావిడి దగ్గరకు పోయి అడిగితే, "చాటింపు వస్తుందిలే, పో" అన్నారు.

గుంట మునిగేలోగా చేతనైనంత మట్టి ఇంటికి చేర్చుకుందామని ఆమె తవ్వసాగింది. గునపానికి ఖంగుమని రాయి తగిలింది. మట్టి తుడిచి చూస్తే, చెవికి చేయి ఆనించిన అమ్మవారు. ఎర్నమ్మ ఆ తల్లిని పసిబిడ్డలా ఎత్తుకుని ఇంటికి తెచ్చి పీట మీద నిలిపింది. ఆ మధ్యాహ్నం సారె పక్కనే కునుకు పట్టింది. కలలో తల్లి ఇలా ఆనతిచ్చింది. "పిలుపు రాలేదని కూర్చోకు బిడ్డా. కూటం ఎప్పుడో అందరికంటే ముందు నీ చేతికే తెలుస్తుంది. నీ కుండ వెంట నువ్వు వెళ్ళు. నువ్వు మాట్లాడేదాకా నేను కాస్తాను."

మెలకువ రాగానే ఎర్నమ్మకు ఒళ్ళు జలదరించింది. ప్రతి కూటానికీ తాగునీటి కోసం సావిడిలో కొత్త కుండ పెట్టడం ఊరి ఆచారం. ఆ కుండ ఎప్పుడూ ఆమె ఇంటినుంచే వెళ్ళేది. పట్టుకుపోయేవాడు ఎందుకో చెప్పలేదు, ఇచ్చే ఆమె అడగలేదు. ఇన్నేళ్ళుగా కూటం కబురు తన గుమ్మంలోకి వచ్చి పోతూనే ఉందని తెలిసి ఆమె నెత్తి కొట్టుకుంది.

కొన్నాళ్ళకు సావిడి మనిషి కుండ కోసం వచ్చాడు. "నానే అట్టుకొస్తాన్లే నాయినా" అని పంపేసింది. తల్లికి మొక్కి, కుండ నిండా గెడ్డ నీరు ముంచి, నెత్తిన పెట్టుకుని సావిడికి నడిచింది. కుండ దించాక వెనుదిరగకుండా అక్కడే ఓ పక్కన కూర్చుంది. నాయుడు చూసీ చూడనట్టు కట్ట సంగతి ఎత్తాడు. ఎండకు గొంతు ఎండి ఆయన కుండ వంచితే చుక్క రాలలేదు. నీరు మూతిదాకా కనిపిస్తూనే ఉంది. ముంత ముంచితే ఖాళీగా పైకి వచ్చింది. పక్కవారు ప్రయత్నించినా అంతే. 

అప్పుడు ఎర్నమ్మ లేచింది.  పదిమందిలో నోరు విప్పడం పుట్టి బుద్ధెరిగాక ఆమెకు అదే మొదలు.

"మీరు తాగే నీల్ల కుండ మా ఇంటిది. దాని మట్టి ఆ గుంటది. కట్ట వొద్దని నాననను బాబూ, పొలాలకీ నీరు కావాల. గుంటకి ఎగువన ఎయ్యండి, మాకూ బతుకుంటాది. ఈ మాట ఆ యేలే సెప్పుదును. నాకు తప్పెట ఇనపడనేదు."

నాయుడు చాటింపు వేసే జోగులు వైపు చూశాడు. జోగులు తల దించుకున్నాడు.

"గెడ్డకాడ తడికి తప్పెట మెత్తబడిపోతాది బాబూ. గడ్డి మంటేసి కాపితే గాని పలకదు. ఆ మంటెయ్యలేక ఒడ్డుకాణ్నించే మల్లిపోతన్నాను. మా అయ్యా అలాగే మల్లిపోయేవోడు."

గుప్పెడు గడ్డి అంటించడానికి బద్ధకించి ఒక వీధినే ఊరిలోంచి తీసేశారన్నమాట! ఇందులో పగ లేదు, కుట్ర లేదు. ఉంటే ఎవరో ఒకరు ఎప్పుడో పట్టుకునేవారు. నాయుడికి నిజంగా సిగ్గేసింది. "ఇనలేదని నిన్నన్నాను తల్లీ. ఇనిపించనోలం మేము" అని చేతులు జోడించాడు. కట్ట ఎగువకు జరిపేందుకు కూటం ఒప్పుకుంది. ఎర్నమ్మ కుండ వంచగానే నీరు ధారగా పడింది. తొలి దోసెడు ఆమె జోగులుకే పోసిందని పెద్దలు చెబుతారు.

ఆమె కాలం చేశాక ఆ ఇల్లే గుడి అయింది. నేడు గ్రామసభ తేదీ పంచాయతీ కార్యాలయం గోడ మీద అంటిస్తారు, ఫోన్లకూ పంపుతారు. అయినా తల్లి వాకిట భక్తుల గడ్డితో మంట వేసి, తప్పెట కాపి, తొలి దెబ్బ అక్కడే వేస్తారు. చాటింపు కొసనుంచి ఊరిలోకి నడుస్తుంది. సభలో తొలి మాట కొసింటివారిది, అంటే ఊరి చిట్టచివరి ఇంటివారిది. తల్లిని కొలిచినవారికి రావలసిన కబురు వేళకు అందుతుందని, పదిమందిలో గొంతు పెగలుతుందని నమ్మకం.

ఇటీవల కొండ దిగి వచ్చిన సుక్రి అనే ఆమె గుడికి అవతల గుడిసె వేసుకుంది. దానితో కొసిల్లు ఆమెదైంది. మొన్నటి గ్రామసభలో సర్పంచి గారు నిలబడి ఆమె మాట కోసం చూశారు. సుక్రి బెదిరిపోయింది. "నాకేటీ నేదు బాబూ, కానీండి" అని కూర్చుంది. సర్పంచి గారు కాగితం చేతిలోకి తీసుకున్నారు. ఇంతలో ఆమె మళ్ళీ లేచింది.

"ఒకటుంది" అంది.

సర్పంచి గారు కాగితం పక్కన పెట్టి కూర్చున్నారు.