కోరలయ్య శుద్ధోదకం

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక మడుగు. జంతువులన్నీ అందులోనే స్నానం చేసేవి. స్నానం ఒక్కటేనా? ఏయ్, నవ్వకండి. నీళ్ళలో దిగాక ఎవరేం చేస్తారో మీకు తెలీదూ? మొన్న ఈతకి వెళ్ళినప్పుడు మీరేం చేశారో చెప్పమంటారా? అవీ అదే చేసేవి. ఏనుగు చేస్తే ఎంత ఉంటుందో ఊహించుకోండి. వద్దులే, ఊహించకండి, ఇంకా అన్నం తినాలి.

మడుగు కంపు కొట్టింది. కోతులు ముక్కు మూసుకుని తిరిగాయి. పాములకి పాపం మూసుకోవడానికి చేతులు కూడా లేవు.

అప్పుడు కోరలయ్య అనే అడవిపంది ముందుకొచ్చాడు. "నేను బాగుచేస్తాను, చూడండి!" అన్నాడు.

కోరలయ్య తెలివైనవాడే. ఆ మాట ఒప్పుకోవాలి. మడుగు నుంచి ఒక కాలవ తవ్వాడు. ఆ కాలవ మీద మూడు గుంటలు తీశాడు. మొదటిదాంట్లో కంకర పోశాడు. రెండోదాంట్లో ఇసుక నింపాడు. మూడోదాంట్లో తుంగ నాటాడు. మురుగు ఒక్కో గుంటా దాటుకుంటూ వచ్చింది. చెత్త మొదటిదాంట్లో ఆగింది. నలుసులు రెండోదాంట్లో ఆగాయి. కంపు మూడోదాంట్లో పోయింది. చివరికి తళతళలాడే నీళ్ళు బయటికొచ్చాయి.

"దీన్ని మురుగు అని ఎవడైనా అన్నాడో, పొడిచేస్తాను!" అన్నాడు కోరలయ్య. "దీని పేరు శుద్ధోదకం!"

ఆ అడవిలో ఒక ఆచారం ఉండేది. నీళ్ళలో మొహం కనబడితే ఆ నీళ్ళు మంచివి. కనబడకపోతే చెడ్డవి. అంతే, ఇంకో పరీక్ష లేదు. మొహం చూసుకోవడంలో నెమలిని మించినవాళ్ళు ఎవరుంటారు? అందుకని పింఛాలరావు అనే మగనెమలిని ఆ పనికి పెట్టారు.

పింఛాలరావు పొద్దున్నే వచ్చి నీళ్ళలోకి తొంగిచూసేవాడు. "ఆహా! ఎంత అందం!" అనేవాడు.

"నీళ్ళేనా?" అని అడిగేవాడు కోరలయ్య.

"నేను. నీళ్ళు కూడా బాగానే ఉన్నాయిలే."

బాగానే ఉంది. మరి ఆ నీళ్ళు ఎక్కడికి పంపాలి? కోరలయ్య మొదట నల్లరేగడి నేలలోకి వదిలాడు. నీళ్ళు ఇంకలేదు. దోమలు పుట్టాయి. దోమలు కుట్టింది కూడా కోరలయ్యనే.

తర్వాత పచ్చిక బయలులోకి వదిలాడు. గడ్డి ఇష్టంగా తాగింది, ఏపుగా పెరిగింది. కానీ ఒక చిక్కు. ఒకేచోట పోస్తే గడ్డి కుళ్ళిపోతుంది. ఈ పూట ఇటు, రేపు అటు కాలవ మళ్ళిస్తూ ఉండాలి. "రోజూ ఎవడు మళ్ళిస్తాడమ్మా? మధ్యాహ్నం నాకు నిద్ర ఉంటుంది" అన్నాడు.

చివరికి ఇసుక దిబ్బ మీదికి వదిలాడు. ఇసుక గుటుక్కున మింగేసింది. ఎంత పోసినా మింగేసింది. కిక్కురుమనలేదు.

"నేలంటే ఇదీ!" అని అక్కడే పడుకుని గుర్రుపెట్టాడు కోరలయ్య.

ఆ దిబ్బ కింద, పల్లంలో, అందరూ తాగే ఊట ఉంది. కోరలయ్యకి తెలీదా? భేషుగ్గా తెలుసు. మధ్యలో ఇంత ఇసుక ఉందిగా, అదే వడగట్టుకుంటుందిలే అనుకున్నాడు. బద్ధకస్తుడికి ఏది అనుకూలమైతే అదే నిజమనిపిస్తుంది. మీకు హోంవర్కు విషయంలో అనిపించదూ, అలాగన్నమాట.

ఆ ఊట పక్కనే పొడమ్మ అనే దుప్పి ఉండేది. ఒళ్ళంతా తెల్లటి పొడలు. దానికి తొలిచూలు పిల్ల పుట్టింది. పుట్టిన రోజే ఎగిరెగిరి గెంతి బోర్లా పడింది. అందుకని దానికి గెంతు అని పేరు పెట్టారు. పొడమ్మకి పాలు చాలలేదు. గెంతు పాలకంటే ఊట నీళ్ళే ఎక్కువ తాగేది.

కొన్నాళ్ళకి గెంతు గెంతడం మానేసింది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. మూతి నీలంగా మారింది. పొడమ్మ కోరలయ్య దగ్గరికి పరుగెత్తింది.

"అన్నా, ఊట నీళ్ళలో ఏదో తేడా ఉంది. నా పిల్ల మూతి నీలమైపోతోంది."

కోరలయ్య నెమలిని పిలిచాడు. నెమలి ఊటలోకి తొంగిచూసి తోక విప్పాడు. "ఆహా! శుభ్రం! నీ పిల్ల ఏ పిచ్చాకో తిని ఉంటుంది, పో."

పొడమ్మ వెళ్ళిపోయింది. పిల్లకి ఇంకా ఎక్కువైంది. మళ్ళీ వచ్చింది. నెమలి మళ్ళీ తొంగిచూశాడు. "ఇంకా శుభ్రం! నీ పిల్లకి దిష్టి తగిలింది. ఎండుమిరపకాయలు తిప్పి పారెయ్." అడవిలో ఎండుమిరపకాయలు ఎక్కడ దొరుకుతాయని నన్నడక్కండి. చెప్పింది నెమలి.

ఇంతలో ఎలుగుబంటి ఇంట పెళ్ళి వచ్చింది. పెళ్ళంటే తలంట్లు. అడవి అడవంతా మడుగులో దిగి కుంకుడుకాయలు నలిపి తలలు రుద్దుకుంది. ఎలుగుబంట్లకి ఒళ్ళంతా తలేనాయె. బోలెడు కుంకుడుకాయలు ఖర్చయ్యాయి.

పెళ్ళయిన కొన్నాళ్ళకి పొడమ్మ ఊటలో మూతి పెట్టింది. థూ! చేదు! కుంకుడు చేదు! ఊట చుట్టూ వెతికింది. ఎక్కడా కుంకుడు చెట్టు లేదు. తలెత్తి ఇసుక దిబ్బ వైపు చూసింది. దానికి విషయం అర్థమైపోయింది.

మీకు అర్థం కాలేదా? పాలలో పంచదార కరిగాక కనబడుతుందా? అమ్మ వెయ్యలేదని గొడవ చేస్తారు. ఒక గుక్క తాగాక నోరు మూస్తారు. ఇదీ అంతే. మడుగులో అందరూ కలిపిన ఉప్పూ, ఉచ్చల్లోని సారమూ నీళ్ళలో కరిగిపోయాయి. కంకర ఆపింది కంటికి కనబడే చెత్తని. కరిగినదాన్ని అదేం ఆపుతుంది? గుప్పెడు తుంగ ఎంతని తింటుంది? పచ్చిక బయలులోని గడ్డివేళ్ళయితే చాలావరకు లాక్కుని తినేసేవి. ఇసుక ఏం తింటుంది? వచ్చిందాన్ని వచ్చినట్టే ఊటలోకి దింపేసింది. పెద్ద జంతువులు ఎలాగో తట్టుకున్నాయి. పసిపిల్ల తట్టుకోలేకపోయింది.

ఆ రోజే శుద్ధోదకానికి సన్మాన సభ. కోరలయ్య మెడలో అడవిమల్లెల దండ. పింఛాలరావు ఉపన్యాసం. "నా మొహం సాక్షిగా చెబుతున్నాను..." అని అందుకున్నాడో లేదో, పొడమ్మ వచ్చింది. నోట్లో మోదుగాకు దొన్నె ఉంది. అందుకే ఏమీ మాట్లాడలేదు. దొన్నెని కోరలయ్య ముందు పెట్టింది. నిండా తళతళలాడే నీళ్ళు.

"మూడో గుంట దగ్గర పట్టి తెచ్చానన్నా. నీ శుద్ధోదకమే. తీర్థం పుచ్చుకో."

కోరలయ్య వెనక్కి జరిగాడు. "ఛీ ఛీ! నేనా? అది ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలీదూ?"

"పోనీ మీరు పుచ్చుకోండి రావుగారూ. మొహం బాగా కనబడుతోంది."

నెమలి తోక ముడిచేశాడు. "నాకు... నాకు ఇవాళ ఉపవాసం."

పొడమ్మకి కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. "మీకు ఒక్క గుక్కకే రోత పుట్టింది! నా పిల్ల రోజూ తాగేది ఇదే! మీరు దిబ్బ మీద పోస్తే ఊటలో తేలింది. కుంకుడు చేదుతో సహా తేలింది. వెళ్ళి నాకి చూడండి!"

అప్పుడు సభలోంచి కోరలయ్య పెళ్ళాం నిండు కడుపుతో మెల్లగా లేచింది.

"ఏమయ్యా," అంది, "రేపు నేను ఈనాక మన పిల్లలు తాగేది కూడా ఆ ఊట నీళ్ళేగా?"

కోరలయ్య కోరలు కిందికి వాలిపోయాయి. మెడలో దండ తనే తీసేశాడు. అప్పటికప్పుడు వెళ్ళి దిబ్బ మీది కాలవ పూడ్చాడు. నీళ్ళని పచ్చిక బయలుకి మళ్ళించాడు. మధ్యాహ్నం నిద్ర మానుకుని, ఒక మడి తడిస్తే ఇంకో మడికి కాలవ తిప్పాడు.

హమ్మయ్య, కథ అయిపోయింది అనుకుంటున్నారు కదూ? కూచోండి. ఊట బాగుపడలేదు. భూమి కడుపులోకి పోయినదాన్ని "పొరపాటైంది, తిరిగిచ్చెయ్" అంటే ఇస్తుందా? మంచి నీళ్ళ కోసం వెదురుపొద అవతల ఉన్న వాగు దాకా పోవాలి. దారిలో చిరుతపులి ఉంటుంది. నడవలేని పిల్లతో పొడమ్మ ఒక్కతీ ఎలా వెళ్తుంది? అందరూ కోరలయ్య వైపు చూశారు. కోరలయ్య ఎవరి వైపూ చూడలేదు. లేచి ముందు నడిచాడు.

అప్పట్నించి రోజూ అదే పని. ముందు కోరలయ్య, వెనక పొడమ్మ, మధ్యలో గెంతు. చిరుత ఆ కోరలు చూసి పక్కకి తప్పుకునేది. వాగు నీళ్ళు పడి గెంతు మూతి నీలం పోయి మునుపటిలా నల్లగా తేలింది. ఆయాసం తగ్గింది. ఒకరోజు ఏకంగా కోరలయ్య వీపు మీంచి అటు గెంతేసింది. పొడమ్మ ఆనందంతో ఏడ్చేసింది. తర్వాత పందిపిల్లలు పుట్టాయి. అవీ ఆ వరసలో చేరాయి.

వానలు వచ్చాయి, పోయాయి. మళ్ళీ వచ్చాయి. పింఛాలరావు ఇప్పటికీ ఊటలో మొహం చూసుకుంటాడు. కానీ చూసుకున్నాక అందరి ముందూ ఒక గుక్క తాగాలి. తాగిన ప్రతిసారీ ఆ అందమైన మొహం వంకర్లు పోతుంది. ఈమధ్య కాస్త తక్కువ వంకర పోతోందట.

ఒకనాడు వాగు దారిలో గెంతు అడిగింది. "మావయ్యా, మన ఊట ఎప్పుడు బాగవుతుంది?"

"అది నా చేతుల్లో లేదు నాన్నా. వానలు కడగాలి."

"మరి పాడుచేసినప్పుడు నీ చేతుల్లోనే ఉందిగా?"

కోరలయ్య వెనక నడుస్తున్న తన పిల్లల్ని ఒకసారి లెక్కపెట్టుకుని, అడుగు కాస్త తొందరగా వేశాడు.

నీతి: మన నోట్లో పోసుకోలేని నీళ్ళని నేలలో పోసేముందు, ఆ నేల కింద ఊట ఎవరి నోటికి అందుతోందో చూసుకోవాలి.