నౌకాసేనాని పటం కింద పేరు

మూడు వైపులా కొండలు, ఒక వైపు సముద్రం ఉన్న ఒకానొక రాజ్యాన్ని ఉద్దండరాయుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ఏ లోటూ లేదు, వంశంలో ఒక్క వీరుడు లేకపోవడం తప్ప. తండ్రి వేటకు వెళ్తే జ్వరం తెచ్చుకునేవాడు. తాత భీమభూపతి యుద్ధాలన్నీ కోట మేడ మీద నిలబడి చూసినవాడు. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు. పైకి అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

ఒకనాడు రేవులోని పాత ఉప్పు కొట్టు ఖాళీ చేయిస్తుంటే గోడవారన ఒక పెద్ద పటం బయటపడింది. వెనక తెరచాపలు విప్పిన ఓడ, ముందు నౌకాసేనాని దుస్తుల్లో ఒక మనిషి. నుదుటి మీద అడ్డంగా కత్తిగాటు ఉంది. ఎడమ చెవి తమ్మె తెగింది. కింద పేరు ఉండాల్సిన చోట ఎవరో గీకేశారు.

రాజు పటాన్ని కొలువుకూటం గుమ్మంలో పెట్టించి, ఇందులో ఉన్నదెవరో తేల్చిన వాడికి ముత్యాలహారం ఇస్తానని చాటింపు వేయించాడు. ముసలివాళ్ళు వచ్చి చూశారు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, వచ్చిన దారినే వెళ్ళిపోయారు. ఆఖరికి ఆస్థాన పండితుడు నరహరిశాస్త్రి పటం ముందు నిలబడి చేతులు జోడించాడు.

"ఆ ముక్కు చూడండి ప్రభూ! అది ఈ వంశపు ముక్కు. వీరు తమ తాతగారు భీమభూపతుల వారే!"

ఉద్దండరాయుడు తన ముక్కు తడుముకున్నాడు. అది బొండు ముక్కు, పటంలోది కోటేరు ముక్కు. అయినా, "నాకూ అలాగే అనిపించింది శాస్త్రీ" అన్నాడు.

ఆ సాయంత్రం బయ్యన ఇంటికి నూకాలమ్మ వచ్చింది. బయ్యన ఆ కొలువులో చమత్కారి. రాజు చిరాకు పడితే నవ్వించాలి, నవ్వితే ఇంకాస్త నవ్వించాలి. నూకాలమ్మ రేవులో వలలు అల్లే ముసలమ్మ.

"నువ్వు ఎవులినైనా నవ్విస్తావంట బాబూ. మా ఇంట్లో ఏడుపు ఆపగలవేటి?" అందామె.

"ఏమైందమ్మా?"

ఆమె వీధి వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆ పటంలో ఉన్నది మా అయ్య. పేరు పలికితే నాలిక కోసేస్తారు, అందుకే పలకను."

పేరు చెప్పకపోయినా బయ్యనకు అర్థమైంది. ఆ పేరు కోదండు నాయకుడు. నలభై అయిదేళ్ళ కిందట సముద్రపు దొంగలను తరిమి ఊరిని కాపాడిన నౌకాసేనాని. జనం ఆయన్ని భుజాల మీద ఊరేగించారు, పటం రాయించారు. ఆ కేకలు మేడ మీదున్న భీమభూపతి చెవిన పడ్డాయి. పదిరోజులు తిరక్కుండా కోదండు దొంగలకు అమ్ముడుపోయాడని నేరం మోపారు, తల తీశారు. ఆ పేరు ఎవరూ పలకరాదు, రాయరాదు. వాడి సంతానం పడవ ఎక్కరాదు, ఎక్కితే కుడిచెయ్యి తీసెయ్యాలి. ఇదీ శాసనం.

"పుట్టి బుద్దెరిగాక నాను పడవెక్కలేదు బాబూ. మొన్న గాలివానకి పడవ బోల్తాపడి నలుగురు మునిగిపోతావుంటే, నా కొడుకు లచ్చన్న ఆగలేకపోనాడు. పడవేసుకెళ్ళి నలుగుర్నీ ఒడ్డుకి తెచ్చినాడు. ఒడ్డున బటులు కట్టేసినారు. పున్నమికి సెయ్యి నరుకుతారంట."

"ఆ నలుగురూ వచ్చి చెప్పలేదా?"

"సెప్పినారు. మంచోడే గానీ, శాసనం శాసనమే అన్నారంట రాజుగోరు."

మర్నాడు బయ్యన శాసనాల గదికి వెళ్ళి ఆ రాగిరేకు తీయించి మొదటి నుంచీ చదివాడు. ఒక మనిషిని చంపింది చాలక, పేరు కూడా మిగలకూడదని ఎంత కక్ష! కానీ ఆ కక్షే ఒక పని చేసింది. పేరు రాయకూడదు గనక, నేరస్థుడెవరో తెలియడానికి రేకు మీద గుర్తులు చెక్కారు.

బయ్యన తిన్నగా రాజు దగ్గరికి వెళ్ళాడు. "ప్రభూ, పున్నమినాడే పటాన్ని సభలో నిలబెడదాం. తాతగారి శాసనం తాతగారి ఎదుటే అమలైతే వారి ఆత్మ ఎంత పొంగుతుందో!"

రాజు ఆ మాటకే పొంగిపోయాడు.

పున్నమినాడు సభ కిక్కిరిసింది. ఉద్దండరాయుడు లేచి పటం మీద చెయ్యి వేశాడు. "ఈ మహావీరుడు మా తాత. ఈయన రక్తం మాలో ఉంది. ఒట్టు! కాదన్నవాడు రాజద్రోహి!"

సభ జయజయలు పలికింది. తర్వాత చేతులు కట్టి, కాళ్ళకు సంకెళ్ళు వేసిన లచ్చన్నను తెచ్చారు. శిక్షకు ముందు శాసనం చదవాలని అక్కడి ఆచారం. కరణం ఎప్పటిలాగే ఆఖరి వాక్యం అందుకోబోయాడు.

"తాతగారి ఎదుట తాతగారి మాటలు మింగేస్తారా?" అన్నాడు బయ్యన.

"మొదటి నుంచీ చదువు!" అని గద్దించాడు రాజు.

కరణం మొదలుపెట్టాడు. "నుదుట అడ్డముగా కత్తిగాటు కలవాడు..." చూపు పటం మీదికి పోయింది. "ఎడమ చెవి తమ్మె తెగినవాడు... నౌకాసేనానియై ద్రోహము చేసినవాడు... వాని కొడుకులు, కూతుళ్ళు, మనుమలు పడవ ఎక్కరాదు. ఎక్కిన కుడిచేయి తీయవలెను." ఆఖరి మాటలు ఎవరికీ వినబడలేదు.

బయ్యన వినయంగా వంగాడు. "గుర్తులన్నీ సరిపోయాయి ప్రభూ. ఈయన మనవలమని తమరే ఒట్టు పెట్టారు, కాదనే దమ్ము నాకెక్కడిది? అలాగైతే ఈ లచ్చన్న తమకు మేనత్త కొడుకు. ఆ మూలనున్న నూకాలమ్మ స్వయానా మేనత్త. ఇతను పడవెక్కింది ఒక్కసారి, తమరు మొన్న కూడా విహారానికి వెళ్ళారు. తలారిని ముందు ఎవరి దగ్గరికి పంపమంటారు?"

పటంలో ఉన్నదెవరో సభలో అందరికీ తెలిసిపోయింది. నరహరిశాస్త్రి స్తంభం చాటుకు జరిగాడు.

ఉద్దండరాయుడి ముఖం కందగడ్డలా అయింది. బయ్యన వైపు చాలాసేపు చూశాడు. చూసి, చూసి, పకపకా నవ్వాడు.

"భలే బయ్యనా! ఆ రేకు కరిగించెయ్యండి. వీణ్ణి వదిలెయ్యండి."

చేతుల కట్లు విప్పారు. సంకెళ్ళకు కమ్మరి కోసం కబురు పంపారు. నూకాలమ్మ కొడుకు కుడిచేతిని రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది. బయ్యన ధైర్యం చేసి, "ప్రభూ, మరి ఆ పేరు..." అన్నాడు.

"ఆ, పేరు!" రాజు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "ఒట్టు పెట్టానుగా, పటం మా తాతగారిదే. శాస్త్రి ముక్కు చూసి చెప్పాడు, నువ్వు లెక్కకట్టి తేల్చావు. హారం నీదే. కింద పేరు కూడా నీ చేత్తోనే రాయి." అని, ఇంకా భటుల మధ్యే ఉన్న లచ్చన్న వైపు ఒక్కసారి చూశాడు.

బయ్యన కుంచె తీసుకున్నాడు. చంపించిన వాడి పేరు చచ్చిన వాడి కాళ్ళ కింద గుండ్రటి అక్షరాలతో రాశాడు. బతికినన్నాళ్ళూ అంత నీచమైన పని చేయలేదనుకున్నాడు. మెడలో హారం పడింది.

చదువు రాని నూకాలమ్మ దగ్గరికి వచ్చింది. "శాసనం పోయినాది గదా బాబూ. ఇప్పుడు మా అయ్య పేరు పలకొచ్చా?"

"పలకొచ్చమ్మా."

ఆమె పటానికి దండం పెట్టి, సభంతా వినేలా, "కోదండు నాయకుడా! అయ్యా!" అంది.

"ఏయ్ ముసలీ!" అన్నాడొక భటుడు. "కింద రాసింది చూడు. ఆయన మహారాజు గారి తాతగారు. ఎవరో తెలియకుండానే దండాలు పెడుతున్నావా?"

సభ ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్విన ఉద్దండరాయుడు, నవ్వుతూనే బయ్యన ముఖంలోకి చూశాడు. కమ్మరి ఇంకా రాలేదు. లచ్చన్న కాళ్ళకు సంకెళ్ళు అలాగే ఉన్నాయి.

బయ్యన కూడా నవ్వాడు.