తేలికాకు కషాయం

అనగనగా ఒక రాజు. కాస్త జరిగి కూర్చోండి పిల్లలూ, ఈ రాజుగారికి చాలా చోటు కావాలి. ఆయన పేరు పృథుసేనుడు. ఆయన రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. విస్తరి ముందు కూర్చున్నవాళ్ళు "చాలు" అనకూడదు. ఆ మాట అన్నారో, అన్నపూర్ణ అలిగి ఆ ఇంటి నుంచి వెళ్ళిపోతుందని భయం. అందుకని వడ్డించేవాళ్ళు వడ్డిస్తూనే ఉంటారు, తినేవాళ్ళు తింటూనే ఉంటారు.

తిని తిని రాజుగారి పొట్ట బండరాయిలా బిగుసుకుపోయింది. ఆయన వస్తుంటే పట్టపుటేనుగు చల్లగా పక్కకు తప్పుకునేది. నవ్వకండి మరి! పాపం, పడుకుంటే ఊపిరాడదు, లేస్తే కాళ్ళు నిలవవు. రాజవైద్యుడు నాడి చూసి తల దించుకున్నాడు.

"ఏడు సముద్రాల అవతల కబళనాథుడనే మాంత్రికుడి తోటలో తేలికాకు ఉంది. దాని కషాయం కడుపును కడిగి ఒంటిని తేలిక చేస్తుంది. అది దొరక్కపోతే ప్రభువులు ఈ వానాకాలం దాటరు" అన్నాడు.

పెద్దకొడుకు వెళ్ళాడు, రాలేదు. నడిపికొడుకు వెళ్ళాడు, రాలేదు. చిన్నవాడు మృదుసేనుడికి నాన్నంటే ప్రాణం. తల్లి కాళ్ళకు దణ్ణం పెట్టి బయలుదేరాడు.

సముద్రం ఒడ్డున వలలో చిక్కుకున్న ముసలి తాబేలు కనిపించింది. వల కోసి విడిపించాడు. "ఎక్కు నాయనా, దాటిస్తాను" అంది తాబేలు. ఉప్పు సముద్రం దాటారు, చెరకురసం సముద్రం దాటారు, నేతి సముద్రం దాటారు. పాల సముద్రం మీద తెల్లటి మంచు కమ్ముకుంది. నీరేదో ఆకాశమేదో తెలియలేదు. తాను మేలుకుని ఉన్నాడో కల కంటున్నాడో కూడా రాకుమారుడికి తెలియలేదు. అలా తేలుతూ తేలుతూ ఏడూ దాటి దీవి చేరారు.

తోటలో ఒకమ్మాయి పాదులకు నీళ్ళు పోస్తోంది.

"వెళ్ళిపోండి బాబూ! నా పేరు దవనిక. మా ఓడ మునిగితే మాంత్రికుడు నన్ను ఎత్తుకొచ్చి ఈ పనికి పెట్టాడు. వచ్చినవాళ్ళకు విందు పెడతాడు. తిని తిని విస్తరి ముందే నిద్రపోయినవాళ్ళు గుమ్మడికాయలైపోతారు. అదిగో, ఆ రెండూ కొత్తగా వచ్చినవి."

ఒక గుమ్మడికాయ గురక పెడుతోంది. ఆ గురక మృదుసేనుడికి బాగా తెలుసు. పెద్దన్నయ్యదే.

"మరి దారేది?" అన్నాడు ఏడుపు ఆపుకుంటూ.

"చాలు అన్నవాణ్ణి అతనేమీ చేయలేడు. అతని ప్రాణం భోజనశాలలోని చిలకలో ఉంది. ఎగిరిపోకుండా దాన్ని మేపి మేపి పంజరమంత చేశాడు. అతను ఉన్నంతకాలం ఈ దీవి నుంచి ఒక్క ఆకు బయటికి పోదు. అతిథులు తప్ప ఆ గదిలోకి ఎవరం వెళ్ళలేం."

దవనిక తేలికాకు, శొంఠి, జీలకర్ర వేసి కషాయం కాచింది. చిలకకు పట్టమని సొరకాయ బుర్రలో పోసి ఇచ్చింది.

కబళనాథుడు ఎదురొచ్చి పీట వేశాడు. "ఒక్క బూరె బాబూ!" తిన్నాడు. "ఒక్క బొబ్బట్టు బాబూ!" తిన్నాడు. "ఒక్క గారె బాబూ!" కళ్ళు మూతలు పడుతున్నాయి. చాలు అందామంటే నోరు రాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అనని మాట! అన్నపూర్ణకు కోపం వస్తే? అంతలో ఊపిరాడక కొట్టుకునే నాన్న కళ్ళముందు మెదిలాడు.

"చాలు!" అన్నాడు.

మాంత్రికుడి చేతిలో గరిటె జారిపోయింది. "నా పాయసం చూస్తే ఆ మాట నువ్వే మింగుతావు!" అంటూ వంటింట్లోకి పరిగెత్తాడు.

"కడుపు ఉబ్బి చచ్చిపోతున్నాను బాబూ" అని మూలిగింది చిలక. మృదుసేనుడు దాని ముక్కుకు కషాయం అందించాడు. మొదటి గుక్కకు నిట్టూర్చింది. రెండో గుక్కకు రెక్కలు సర్దుకుంది. మూడో గుక్కకు సన్నబడి, ఊచల మధ్య నుంచి జారి, కిటికీలోంచి ఎగిరింది.

"ఆగవే తల్లీ!" అంటూ మాంత్రికుడు పరిగెత్తుకొచ్చాడు. చిలక దూరమయ్యేకొద్దీ చిన్నవాడైపోయాడు. చివరికి ఆవగింజంతయ్యాడు. గాలి వచ్చి ఎత్తుకుపోయింది. గుమ్మడికాయలు విచ్చి అన్నలిద్దరూ ఆవులిస్తూ లేచారు.

దవనికను వెంటబెట్టుకుని, మూటనిండా ఆకుతో అందరూ ఇల్లు చేరారు. కషాయం తాగితే రాజుగారి పొట్ట మెత్తబడింది, ఊపిరాడింది. మర్నాడు భోజనానికి కూర్చున్నారు. మహారాణి ఆనందంతో గరిటెల మీద గరిటెలు వడ్డించింది.

"కషాయం సగం పనే చేస్తుందమ్మా. మిగతా సగం తినేవాళ్ళే చేసుకోవాలి" అంది దవనిక మెల్లగా.

రాజుగారు రాణి చెయ్యి పట్టుకున్నారు.

"నా వంట చేదయిందా?" రాణి కళ్ళనిండా నీళ్ళు.

"లేదు పద్మా. నీతో ఇంకా చాలాకాలం బతకాలని ఉంది. చాలు."

ఇల్లంతా ఊపిరి బిగబట్టింది. ఏ దేవతా అలగలేదు. రాణి గరిటె పక్కన పెట్టి, జీవితంలో మొదటిసారి భర్త పక్కన కూర్చుని వేడి అన్నం తిన్నది.

ఆ మాఘమాసంలో దవనికకూ మృదుసేనుడికీ పెళ్ళయింది. రాజుగారు తన కాళ్ళ మీద తాను నడిచి వెళ్ళి అక్షింతలు వేశారు. తర్వాత ఆ దంపతులు మనవలు, మునిమనవలు పుట్టేదాకా రాజ్యం ఏలారు. ఆకలైనవాడికి అన్నం, ఆకలి తీరినవాడికి విశ్రాంతి దొరికే రాజ్యమది.