ఒక అడ్డగీత

పొట్ట మీద చెయ్యి పెడితే చాలు, ప్రభుదాస్‌కి జబ్బు తెలిసిపోతుందని ఆ జిల్లా ఆసుపత్రిలో పేరు. ఆ పేరుని అందరికంటే ముందు నమ్మినవాడు ప్రభుదాసే. సర్జరీ నేర్చుకోవడానికి వచ్చి అతనికది మూడో ఏడు.

ఆ మధ్యాహ్నం పోలమ్మని తీసుకొచ్చారు. డెబ్బై మూడేళ్లు. రెండు రోజులుగా కడుపునొప్పి, జ్వరం. పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. ఎక్స్‌రేలో ఉండకూడని చోట గాలి కనబడింది. అలా గాలి కనబడితే కడుపులో ఏదో చిల్లు పడ్డట్టే.

"అల్సర్ పగిలింది," అని ప్రభుదాస్ క్షణంలో తేల్చేశాడు.

కేస్‌షీటు కూడా చకచకా నింపేశాడు. నెలసరి, గర్భసంచి వివరాలు రాసే గడిలో ఒక అడ్డగీత గీశాడు. ముసలావిడ వస్తే అక్కడ అందరూ గీసేది అదే.

పొట్ట తెరవగానే చీము. జీర్ణాశయం చూశాడు, బాగానే ఉంది. పేగుని మొదటినుంచి చివరిదాకా జానెడు జానెడుగా తడిమాడు. చిల్లు లేదు. మళ్లీ తడిమాడు. లేదు. కడిగినకొద్దీ చీము ఊరుతూనే ఉంది.

"బీపీ ఎనభై," అన్నాడు మత్తు డాక్టరు.

ప్రభుదాస్‌కి గుండె జారిపోయింది. చిల్లు దొరక్కుండా కుట్టేస్తే మనిషి బతకదు. "మేడమ్‌ని పిలవండి," అన్నాడు. ఆ గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

డాక్టర్ కాత్యాయని వచ్చారు. అతనికి కత్తి పట్టడం నేర్పింది ఆవిడే. వారం కిందట మెట్ల మీద జారిపడి కుడి మణికట్టుకి కట్టు వేయించుకున్నారు. ఆవిడ చెయ్యి పెట్టలేరని అప్పుడు గుర్తొచ్చి అతనికి భయం రెట్టింపయింది.

ఆవిడ పొట్టలోకి చూడనైనా లేదు. ఎడమచేత్తో కేస్‌షీటు తీసి పైకి చదవసాగారు.

"నొప్పి, రెండు రోజులు. జ్వరం. వాంతులు రెండు. షుగర్ లేదు."

"బీపీ డెబ్బై, మేడమ్!" అన్నాడు మత్తు డాక్టరు.

"నెలసరి, గర్భసంచి." ఆగారు. "ఇక్కడ గీత ఉంది."

"డెబ్బై మూడేళ్లు కదా మేడమ్. రాయడానికేముంటుంది?"

ఆవిడ కాగితం అతని కళ్లకెదురుగా పట్టుకుని నిలబడ్డారు.

ప్రభుదాస్ ఆ గీతకేసి చూశాడు. కత్తి అందుకుని కోతని బొడ్డు కిందికి పెంచాడు. చెయ్యి పేగుల కిందికి, ఇంతసేపూ వెళ్లని చోటికి వెళ్లింది. చీము పట్టి ఉబ్బిపోయిన గర్భసంచి తగిలింది. దాని నెత్తిన వేలు దూరేంత చిల్లు. చీము మొత్తం అందులోంచే వస్తోంది.

"దొరికింది," అన్నాడు. ఏడుపొకటే తక్కువ.

గర్భసంచి తీసేశారు. మూడు రోజులు ఐసీయూలో ఎటూ తేలలేదు. ఆ మూడు రోజులూ ప్రభుదాస్ సరిగ్గా అన్నం తినలేదు. ఆరో రోజుకి పోలమ్మ లేచి కూర్చుని గంజి తాగింది.

రౌండ్లకి మేడమ్ వెంట వచ్చిన ప్రభుదాస్ మంచం పక్కన ఆగాడు.

"కింద నుంచి ఏమైనా పోయేదా అమ్మా? ఈ జబ్బుకి ముందు?"

పోలమ్మ అటూ ఇటూ చూసి కోడల్ని నీళ్లకి పంపింది.

"మూడు నెల్లుగా పోతంది బాబూ. ఒకటే కంపు. గుడ్డలు ఎవులికీ కనబడకుండా ఉతుక్కునేదాన్ని. ఈ వయసులో ఇదేటని సిగ్గేసీది."

"నాకైనా చెప్పలేదేం?"

"నువ్వడగనేదు కదా నాయినా."

ప్రభుదాస్ తల దించుకున్నాడు. తిట్లు పడతాయని ఎదురుచూశాడు. మేడమ్ జేబులోంచి పెన్ను తీసి ఎడమచేత్తో అతనికందించారు.

"పక్క మంచం ఆవిడకి ఎనభై ఒక్కేళ్లు," అన్నారు.

ప్రభుదాస్ స్టూలు లాక్కుని ఆ మంచం దగ్గర కూర్చున్నాడు.