ఉత్తరేణి ముళ్ళు

వాగు ఒడ్డున వణుకుతున్న దుప్పిపిల్లను చూశారా, లేదా? తల తిప్పుకోకండి పిల్లలూ. చూసింది చూసినట్టు చెప్పండి. ఒంటి నిండా ఉత్తరేణి ముళ్ళు, కళ్ళ నిండా భయం. ఎందుకలా అయిందో వినండి.

అది ఇప్పలకోన అడవి. అక్కడ దుప్పులు, అడవిపందులు, కుందేళ్ళు, నెమళ్ళు ఉండేవి. గుబురయ్య అనే ఎలుగుబంటి అక్కడ ఊరట గుహ నడిపేవాడు. మనసు చెదిరిన జంతువులు పళ్ళు తెచ్చి అతనికిచ్చి, లోపల తమ గోడు చెప్పుకునేవి.

వినేది మాత్రం బూదెవ్వ అనే ముసలి కొండముచ్చు. ఆమె పక్కన కూర్చుని ఒంటికి అంటుకున్న ముళ్ళు ఒక్కొక్కటే ఏరేది. ముళ్ళు రాలుతుంటే లోపలి మాట దానంతటదే బయటికొచ్చేది.

కార్చిచ్చులో అక్కను పోగొట్టుకున్న చుక్కి అనే దుప్పిపిల్ల ఆమె దగ్గరే మళ్ళీ మేత ముట్టింది.

గుబురయ్యకు ఆశ పెరిగింది. ఒకరి ఏడుపు ఆగకముందే ఇంకొకరిని లోపలికి తోసేవాడు. "ఇది వినడం కాదు నాయనా, తరమడం" అని బూదెవ్వ గుహ వదిలేసింది.

"వెళ్ళు. కానీ ఈ కోనలో ఎవరి గోడూ వినకూడదు. పనిలో చేరిన రోజు, గుహ బయట ఎవరి గోడూ విననని గోడ మీద ఎర్రమట్టితో పాదముద్ర వేశావు, గుర్తుందా? మాట తప్పితే కొండ దాటిస్తా" అన్నాడు గుబురయ్య.

మర్నాడు చుక్కి ఒంటి నిండా ముళ్ళతో ఆమెను వెతుక్కుంటూ వాగు ఒడ్డుకు వచ్చింది. "అవ్వా, ఎండుటాకు చప్పుడైనా మంటలాగే వినిపిస్తోంది."

బూదెవ్వ చెయ్యి చాచింది. పాదముద్ర గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. "గుహకే వెళ్ళమ్మా" అంది.

"అక్కడ నువ్వు లేవుగా!"

చుక్కి పొదలోకి దూరి మళ్ళీ బయటికి రాలేదు. మేత మానేసింది. పక్కటెముకలు తేలాయి.

అది చూసి బూదెవ్వ 'ఇచ్చిన మాట కోసం పిల్లను చంపుకుంటానా?' అనుకుంది. చుక్కిని పొదలోంచి నడిపించుకొచ్చి, అందరూ నీళ్ళు తాగే వాగు మధ్య బండ మీద కూర్చోబెట్టి, పట్టపగలే ముళ్ళు ఏరసాగింది.

గుబురయ్య ఊగిపోతూ వచ్చాడు. "ఏమే ముసలిదానా! నా గిరాకీ ఎత్తుకుపోతావా?"

"గుహ నీది. నువ్వు తిన్న పళ్ళు నీవి. ఈ పిల్ల దుఃఖం మాత్రం నీ సొత్తు కాదు" అంది బూదెవ్వ. చెయ్యి ఆపలేదు.

ముసలి అడవిపంది వాగులోకి దిగి ఆమె ముందు నిలబడింది. "ఏం గుబురయ్య మామా, నన్ను కూడా కొండ దాటిస్తావా? మోయగలవా మరి?"

కుందేళ్ళు నవ్వాయి. నవ్వుతూనే అవీ దిగాయి. దుప్పులు, నెమళ్ళు కూడా దిగాయి. గుబురయ్య తోక ముడిచాడు.

తొలి వానలో అతని గుహ ముందున్న తాటిచెట్టు మీద పిడుగు పడింది. ఆనాటి నుంచి మబ్బు ఉరిమితే చాలు, గుబురయ్య భయంతో పొదల్లో దూరేవాడు. చెప్పుకుందామంటే గుహలో వినేవాళ్ళు ఒక్కరూ లేరు. బొచ్చంతా ముళ్ళు కట్టి, చివరికి వాగు బండ దగ్గరికొచ్చాడు.

"నా ఒక్కడి గోడు విను బూదెవ్వా. మిగతా వాళ్ళకు నియమం అలాగే ఉండనీ."

"ఒక్కడికి కుదరదు నాయనా. వెళ్ళి ఆ గోడ మీది నా పాదముద్రను నీ గోళ్ళతోనే గీకి రా. ఇకముందు ఎవరిచేతా వేయించకు. అప్పుడు కూర్చో."

గుబురయ్య వెళ్ళాడు. గోళ్ళకు ఎర్రమట్టితో తిరిగొచ్చి కూర్చున్నాడు. అతని వీపున చిక్కుకున్న మొదటి ముల్లును బూదెవ్వ మెల్లగా లాగింది. పక్కనే చుక్కి పచ్చిక కొరుకుతోంది.

నీతి: గుహకు హద్దు గీసుకోవచ్చు గానీ, ఊరటనిచ్చే చేతికి గీయకూడదు, గీసినవాడికే ఒకనాడు ఆ చెయ్యి కావాల్సి వస్తుంది. మరి ఆ రోజు మీరు వాగు ఒడ్డున ఉంటే, నీళ్ళలోకి దిగేవాళ్ళేనా?