గుంట మీది బీరువా

పందొమ్మిది వందల డెబ్బై ఒకటో సంవత్సరం, జూలై ముప్పయ్యో తారీఖు, శుక్రవారం. శ్రావణ మాసం. పొద్దున్నించీ ముసురు. పెద్ద వానా కాదు, పోనీ ఆగేదీ కాదు. చూరు నించి బొట్లు పడుతూనే ఉన్నాయి, దండెం మీద గుడ్డ ఆరనే లేదు. ఇంత వివరం ఎందుకంటావా కన్నా? అనగనగా అనగానే నువ్వు రాజుల కాలానికి పరిగెడతావు. అంత దూరం పోనక్కర్లేదు. అదిగో, ఆ ముసురు రోజున, మంగళగిరి కొండ కనపడేంత దూరంలో ఉన్న ఒక ఊళ్ళో, ఒక బీరువా కాలు నేలలోకి దిగబడింది.

ఉండు, తొందరపడ్డాను. కాలు దిగబడే ముందు చాలా జరిగింది. మొదటి నించీ చెబుతాను. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో.

ఆ ఊళ్ళో భద్రావతి అని ఒక కోడలు పిల్ల ఉండేది. నేతవాళ్ళ పిల్ల. మగ్గం చప్పుడు వింటూ పాలు తాగింది, మగ్గం పక్కనే పాకింది, పరికిణీలు కట్టే వయసుకే నేత నేర్చింది. నేర్చి ఊరుకుందా? ఊరుకోలేదు. అంచులో ఎవరూ నెయ్యని బొమ్మలు తనే నేసేది. ఒకసారి చీమల బారు నేసింది. "ఇదెవరు చెప్పారే నీకు?" అన్నాడు వాళ్ళ నాన్న. "గోడ మీద పోతున్నాయి కదా నాన్నా, చూడలేదూ?" అంది.

ఆ తర్వాత పెళ్ళయింది. మొగుడి పేరు పానకాలు. బెజవాడలో బట్టల కొట్లో గుమాస్తా. పొద్దున్నే బస్సుకి పోతాడు, దీపాలు పెట్టాక వస్తాడు. వాళ్ళ నాన్న మార్కండేయులుగారు మంచి నేతగాడు. కానీ భద్రావతి కాపురానికొచ్చేసరికే ఆయన పోయారు. మగ్గం కర్రలు అటకెక్కాయి.

గుంట మాత్రం అటకెక్కదు కదా! గుంట మగ్గం చూడలేదు నువ్వు. నేతగాడు నేల మీదే కూర్చుంటాడు, కాళ్ళు గుంటలోకి వేలాడేస్తాడు. అడుగున తొక్కుడు చెక్కలుంటాయి. కాళ్ళు కింద తొక్కుతుంటే చేతులు పైన నాడె విసురుతాయి. నాడె అంటే పడవలా ఉంటుంది, దాని కడుపులో దారం. ఆ ఇంట్లో నడిమి గదిలో, కిటికీ ముందు ఉండేది ఆ గుంట. దాని మీద చెక్కలు పరిచారు. చెక్కల మీద టేకు బీరువా పెట్టారు. బీరువా వెనకాల కిటికీ కూడా మూసుకుపోయింది.

ఆ బీరువా తాళంచెవి అత్తగారు నాంచారమ్మ బొడ్లో ఉండేది. చెడ్డ అత్తగారు కాదు సుమా. మీగడంతా కోడలి కంచంలో వేసే మనిషి. కానీ ఆ బీరువాలోకి పోయిన గుడ్డ మళ్ళీ బయటికి రాదు.

ఏముండేవి అందులో? మొగుడు పోయాక ఆవిడ కట్టని రంగు చీరలు. మార్కండేయులుగారి పంచెలు, చొక్కాలు. పానకాలు చిన్నప్పటి లాగులు. పానకాలు పండక్కో పబ్బానికో కొట్లోంచి తెచ్చిన నైలెక్సు చీరలు. అప్పట్లో నైలెక్సు అంటే ఊరంతా వెర్రి. ఉతికితే క్షణంలో ఆరిపోతుంది, కడితే ఒళ్ళంతా చెమట. నేతవాళ్ళింట్లో నైలెక్సేమిటో! ఆ పైన పేరంటాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు, వాటి మధ్య కలరా ఉండలు. తలుపు తీస్తే ఆ ఘాటుకి పిల్లి కూడా తుమ్మేది.

అప్పుడు భద్రావతికి ఏమైందో తెలుసా? తిండి తగ్గింది. మాట తగ్గింది. మధ్యాహ్నం పడుకుంటే నిద్రలో కాళ్ళు ఆడేవి. ఒకటి తరవాత ఒకటి, ఒకటి తరవాత ఒకటి.

"ఏమే, కలలో సైకిలు తొక్కుతున్నావా?" అన్నాడు పానకాలు ఒక ఆదివారం.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన గొట్టం పెట్టి చూసి, ఒంట్లో జబ్బేమీ లేదన్నాడు, ఎర్రటి టానిక్కు రాసిచ్చాడు. డాక్టర్లకి ఎర్ర టానిక్కంటే ఎందుకంత ఇష్టమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బస్సులో భద్రావతి చెప్పింది. "నాకు టానిక్కు వద్దండీ. ఆ గుంట కావాలి. నెయ్యకపోతే నేను బతికున్నట్టే ఉండటం లేదు."

"అమ్మనడుగు."

"మీరడగండి."

"నాకు పొద్దున్నే బస్సుంటుంది కదా!" అన్నాడు పానకాలు. పాపం, మంచివాడే. అమ్మంటే భయం, పెళ్ళామంటే భయం, బస్సు వెళ్ళిపోతుందని భయం.

గుంట కావాలంటే బీరువా జరపాలి. బీరువా జరగాలంటే బరువు తగ్గాలి. భద్రావతి ఆలోచించింది.

మొదట, ఒక ఎండ పూట, "అత్తయ్యా, బట్టలకి ఎండ చూపిద్దామా?" అంది. నాంచారమ్మ సరేనంది. అన్నీ తీసి మంచాల మీద పరిచారు. భద్రావతి ఒక చీర ఎత్తి, "ఇదెవరికైనా ఇచ్చేద్దామా?" అంది. "అయ్యో, అది పానకాలు పుట్టినప్పుడు మా అన్నయ్య తెచ్చిందే!" ఇంకోటి ఎత్తింది. "అది మీ మామగారు తిరునాళ్ళలో కొన్నారు. ఆ రోజు జీళ్ళు కూడా కొన్నారు." ఒక్కో చీరకి ఒక్కో కథ. జీళ్ళ కథ అయ్యేసరికి ఎండ పోయింది. అన్నీ మళ్ళీ లోపలికే వెళ్ళాయి. పైగా మడతలు బాగా కుదిరి కాస్త చోటు మిగిలితే, నాంచారమ్మ ఆ చోట్లో రెండు పాత దుప్పట్లు కుక్కింది.

ఆ తర్వాత శ్రావణ మాసం వచ్చింది. మొదటి శుక్రవారం పేరంటం పెట్టింది భద్రావతి. "ముత్తయిదువలకి ఊరికే తాంబూలమేనా అత్తయ్యా, తలా ఒక చీరా జాకెట్టు ముక్కా పెడతాను" అంది. ఆ రోజు పెడతానంటే ఏ అత్తగారు కాదంటుంది? నాంచారమ్మ తాళం తీసింది. తీస్తూ లోలోపల నవ్వుకుంది. ఎందుకు నవ్వుకుందో విను.

వీధి వీధంతా వచ్చింది. పసుపు రాయించుకుంది, శనగలు మూటగట్టుకుంది, చీరలు పట్టుకెళ్ళింది. బీరువాలో ఒక అర ఖాళీ అయింది. భద్రావతి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింది.

మర్నాటి నించి మొదలైంది. పుచ్చుకున్న చీరకి మళ్ళీ పెట్టకుండా ఉంటారా మనవాళ్ళు? పక్కింటి సామ్రాజ్యం పిలిచి చీర పెట్టింది, దాని మీద తువ్వాలు కూడా పెట్టింది. ఎదురింటివాళ్ళు పెట్టారు. వెనకింటివాళ్ళు, మేమేం తక్కువా అని రెండు జాకెట్టు ముక్కలు ఎక్కువే పెట్టారు. పెట్టుడు చీర ఎవరూ కట్టరు కన్నా. అది ఊరంతా తిరుగుతుంది. మన ఇంట్లో ఒక పచ్చ జాకెట్టు ముక్క ఉండేది, దాని మీద నూనె మరక. ఆ మరక పట్టి చెప్పగలిగేదాన్ని, ఎన్ని ఊళ్ళు చూసి మళ్ళీ నా దగ్గరికి వచ్చిందో. సరే, అది వేరే కథ.

ఇంతలో పక్క వీధి నించి పానకాలు అక్క తిరపతమ్మ వచ్చింది, చంకలో చీర పెట్టుకుని.

"ఏమే భద్రా, కిందటేడు నేను పెట్టిన చీర నాకే పెడతావా? కనీసం మడతైనా మార్చలేదే!"

"చూసుకోలేదు వదినా."

"నీకు కళ్ళు కనిపించకపోతే ఆ టానిక్కు కళ్ళలో పోసుకో!" అని చీర అరుగు మీద పడేసి వెళ్ళిపోయింది.

ఆ చీర కూడా బీరువాలోకే చేరింది. ఇప్పుడు తలుపు మూయాలంటే మోకాలు పెట్టి నెట్టాలి. భద్రావతి ఏడవలేదు. వంటింట్లోకి పోయి ఊరికే నీళ్ళు కాచింది. దేనికి కాచిందో తనకే తెలీదు.

అప్పుడొచ్చింది మనం మొదట చెప్పుకున్న ముసురు శుక్రవారం.

గుంటలో తేమ ఊరింది. చెక్క నానింది. నడిమి గదిలో నాంచారమ్మ వత్తులు చేసుకుంటోంది. చిటచిటమని చప్పుడు. చూస్తే కాలి కింది చెక్క విరిగి బీరువా ఒక పక్కకి వంగుతోంది! ఆవిడ ఒక్క ఉదుటున లేచి వీపు ఆనించింది. "కోడలా! రావే!"

భద్రావతి పరిగెత్తుకొచ్చింది, భుజం ఆనించింది. పానకాలు బస్సుకని గడప దాటినవాడు చెప్పులతోనే వెనక్కొచ్చాడు. పక్కింటి సామ్రాజ్యం రోకలి పట్టుకొచ్చి అడ్డం పెట్టింది.

"ఇంకో దుప్పటి కుక్కకపోయావా పిన్నీ, పాతాళం కూడా చూసేవాళ్ళం!" అంది సామ్రాజ్యం.

"తలుపు తియ్యండి, ముందు బట్టలు లాగేద్దాం" అన్నాడు పానకాలు.

"వద్దురా! బట్టలు తియ్యొద్దు. బరువు తగ్గితే జరిపేస్తారు!" అని అరిచింది నాంచారమ్మ.

అందరూ ఆగిపోయారు. ఆవిడ కూడా ఆగిపోయింది, నోరు జారినందుకు.

"బరువు తగ్గకూడదనేనా అత్తయ్యా, ఇన్నాళ్ళూ?" అంది భద్రావతి మెల్లిగా.

నాంచారమ్మ వీపు తియ్యకుండానే చెప్పింది. "గాలికి పోగు తెగుతుందని ఆయన ఈ కిటికీ ఎప్పుడూ తీసేవారు కాదే. తలుపులు బిగించుకుని, ఆ తేమలో, ఆ నూలు నూగులో పొద్దస్తమానం కూర్చునేవారు. ముందు దగ్గొచ్చింది. తరవాత దగ్గే మిగిలింది. ఆ దగ్గుతోనే పోయారు. ఈ ఇంట్లో ఇంకెవరూ ఆ గుంటలోకి దిగకూడదనుకున్నాను. నాకున్నది ఈ బీరువా. నింపాను."

పానకాలు చెప్పులు విడిచి పక్కన పెట్టాడు, గుళ్ళో ఉన్నట్టు.

"అత్తయ్యా, నేను కిటికీ తీసే నేస్తాను" అంది భద్రావతి.

"పోగు తెగుతుందే, పిచ్చిదానా!"

"తెగితే ముడేసుకుంటాను."

నాంచారమ్మ బొడ్లోంచి తాళంచెవి తీసి కోడలి చేతిలో పెట్టింది.

అప్పుడు బట్టలన్నీ బయటికొచ్చాయి. మంచాలు చాలక చాపలు పరిచారు. తేలికపడ్డ బీరువాని నలుగురూ కలిసి గోడవారకి జరిపారు. పానకాలు కిటికీ రెక్క గుంజాడు. బిగుసుకుపోయింది కదా, ఒక పట్టాన రాలేదు. వచ్చాక చల్లటి గాలీ, నాలుగు చినుకులూ లోపలికొచ్చాయి.

విరిగిన చెక్కలు తీశారు. అంచున మార్కండేయులుగారు కూర్చున్న చోట మట్టి నున్నగా అరిగి ఉంది. నాంచారమ్మ వంగి ఆ చోటు చేత్తో తడిమింది. తడిమి, అరచెయ్యి చీరకి తుడుచుకుంది.

"తేమగా ఉంది. ముసురు పోయాక బాగా ఎండనివ్వు. తడి గుంటలో కూర్చుంటే నడుం పట్టేస్తుంది" అంది.

ఆ తర్వాత ముసురు విడిచింది. గుంట ఎండింది. అటక మీంచి మగ్గం దిగింది. కిటికీ బార్లా తీసుకుని కూర్చుంది భద్రావతి. పోగులు తెగాయి. ముడేసింది. మళ్ళీ తెగాయి. మళ్ళీ ముడేసింది. "మా ఇంట్లో గాలి దుమారం" అని నాంచారమ్మ అందరికీ చెప్పుకునేది, గొప్పగా. మొదటి చీర అంచు వంకరొచ్చింది. రెండోది కాస్త నయం. మూడోదానిలో చూరు నించి పడే వాన బొట్లు నేసింది, ఒకదాని కింద ఒకటి. అలాంటి అంచు ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. మధ్యాహ్నం పడుకుంటే ఇప్పుడు కాళ్ళు ఆడేవి కావు. టానిక్కు సీసా కడిగి అందులో ఆముదం పోసుకున్నారు.

మరి ఆ బట్టలన్నీ ఏమయ్యాయంటావా? ఆ శుక్రవారం సాయంత్రమే నాంచారమ్మ పంచేసింది. గుమ్మంలో నిలబడి, "పుచ్చుకున్నవాళ్ళు నాకు తిరిగి ఏమైనా పెడితే నా మీద ఒట్టే!" అంది. పెద్దావిడ మీద ఒట్టు దాటి జాకెట్టు ముక్క పెట్టే ధైర్యం ఆ వీధిలో ఎవరికుంది?

మార్కండేయులుగారి పాత పంచెలు సామ్రాజ్యానికి వచ్చాయి. ఆవిడ కూతురికి నెలలు నిండాయి, పొత్తిళ్ళకి అంత మెత్తటి గుడ్డ కొట్లో దొరకదు. నైలెక్సు చీరలు ఎదురింటి పెళ్ళికెదిగిన పిల్లలకి వచ్చాయి. తిరపతమ్మకి అలక తీరేలా బీరువాయే వచ్చింది. ఆవిడ దాన్ని అప్పుడే నింపేసిందట, తలుపు పడటం లేదట. పానకాలుకి తండ్రి గొడుగు వచ్చింది, చీరల మధ్యలో దొరికింది. నాంచారమ్మ తనకని ఒక్కటే ఉంచుకుంది, మొగుడు తన కోసం నేసిన వంకాయరంగు చీర. దాచలేదు. ఆ పూటే కట్టుకుంది.

భద్రావతికి మాత్రం ఏమీ రాలేదు. జాకెట్టు ముక్క కూడా రాలేదు.

"నాకేం లేదా అత్తయ్యా?" అంది నవ్వుతూ.

"నీకు నేను పెట్టేదేమిటే? నేసుకో!" అంది నాంచారమ్మ.

నాడె ఇటూ అటూ,
నిద్ర కంటి చుట్టూ.
కథ కదిలె కంచికీ,
కన్నయ్య మంచానికీ.