ఇంజనుకి లాల

కూర్మయ్యకి తన బుర్ర మీద మహా నమ్మకం. "ఊరందరి తెలివీ ఒక ఎత్తు, మన ఇంటి తెలివి ఒక ఎత్తు" అని తమ్ముడు పోలినాయుడితో రోజూ అనేవాడు. తమ్ముడు తలూపేవాడు. ఆ తెలివంతా తన పుట్టింటి నుంచే వచ్చిందని వాళ్ళమ్మ నూకాలమ్మ చెప్పుకునేది.

ముగ్గురికీ కూడు పెట్టేది ఒక పాత ఆటో. మర్నాడు దాన్ని ఇనస్పెక్టరుకి చూపించి ఫిట్‌నెస్ కాగితం తెచ్చుకోవాలి. కాగితం లేకపోతే ఆటో రోడ్డెక్కదు, ఇంట్లో పొయ్యి వెలగదు. ఇంజను చూస్తేనేమో జిడ్డు కట్టి నల్లగా ఉంది. మెకానిక్ బుజ్జిబాబు వచ్చి ఇంజను దింపి వాకిట్లో పెట్టాడు.

"కిరసనాయిలుతో తుడిచి కడగండి. నీళ్ళు గుమ్మరించకండి, చంటిపిల్లకి లాలపోసినట్టు పొయ్యాలి. పొద్దున్నే వచ్చి బిగిస్తాను" అని వెళ్ళిపోయాడు.

అంతే. కూర్మయ్య కిరసనాయిలు డబ్బా అవతల పారేశాడు. "చంటిపిల్లకి ఎవడైనా కిరసనాయిలు రాస్తాడట్రా?"

"రాయడన్నియ్యా."

నూకాలమ్మ పీట మీద కూర్చుని కాళ్ళు బారజాపింది. కొడుకులిద్దరూ ఇంజనెత్తి ఆ కాళ్ళ మీద పడుకోబెట్టారు. ఆవిడ కెవ్వుమని, ఆనక "బొద్దుగా ఉందర్రా" అని మురిసిపోయింది. సీసాడు నువ్వులనూనె పట్టించి, శనగపిండితో నలుగు పెట్టి, చెంబుతో వేన్నీళ్ళు పోసింది. ఇంజను పకోడీల మూకుడులా తయారైంది. సాంబ్రాణి పొగ వేసి, దిష్టిచుక్క కూడా పెట్టారు.

ఇంకేముంది, లాలపోశాక పిల్ల పడుకోవాలి కదా. దూలానికి చీర కట్టి ఉయ్యాల వేశారు. ఇంజను నూనె కారుస్తుంటే "పక్క తడిపింది" అని నూకాలమ్మ గోచీ కట్టింది. నాలుగు ఊపులు ఊపేసరికి దూలం విరిగి ఇంజను నేల మీద, పెంకులు వీళ్ళ నెత్తి మీద పడ్డాయి.

"చూశారా, పడ్డా ఏడవలేదు నా బంగారుతల్లి" అంది నూకాలమ్మ నెత్తి తడుముకుంటూ.

తెల్లారి బుజ్జిబాబు పానాలు పట్టుకొస్తే కూర్మయ్య గుమ్మంలోనే ఆపాడు. "పిల్ల పడుకుంది. ఆ ఇనుము గలగలలాడిస్తూ వస్తావా?" బుజ్జిబాబు ఇంజను వంక చూశాడు, వీళ్ళ వంక చూశాడు, వచ్చిన దారినే పోయాడు.

అన్నదమ్ములు ఉత్త ఆటోని ఆఫీసుకి తోసుకెళ్ళారు. ఇనస్పెక్టరు వెనక మూత ఎత్తి చూసి, "ఇంజనేదయ్యా?" అన్నాడు.

"ఇంటిదగ్గర పడుకుందండి. తల్లిని తెచ్చాం. పచ్చి బాలింత, మెల్లిగా చూడండి" అన్నాడు కూర్మయ్య.

ఇనస్పెక్టరుకి ఒళ్ళు మండింది. "ఇంజను బండిలో ఉండాలి. బండి నా ముందు పరిగెత్తాలి. సాయంత్రంలోగా అది చూపిస్తేనే కాగితం."

కూర్మయ్య ఆటోని ఇంటివైపు తిప్పాడు. ఆటో లేకపోతే అమ్మకి గంజి కూడా పొయ్యలేడు. దారంతా ఏడుపు దిగమింగుకుంటూ నడిచాడు. ఇల్లు చేరేసరికి తెలివి వెలిగింది. "ఒరే, ఆయనడిగింది రెండే. బండిలో ఇంజను, బండికి పరుగు. ఈమాత్రం దానికి దిగులెందుకు?"

సాయంత్రం ఆఫీసు గేటులోంచి ఆటో దూసుకొచ్చింది. వెనక సీట్లో నూకాలమ్మ, ఆవిడ ఒళ్ళో కొంగు కప్పిన ఇంజను. వెనకనుంచి అన్నదమ్ములు రొప్పుతూ తోస్తున్నారు. ముందు సీట్లో మాత్రం ఎవరూ లేరు.

"ఆపండ్రా" అని అరుస్తూ ఇనస్పెక్టరు గోడెక్కాడు.

"అరవకు బాబూ, ఇప్పుడే కన్నంటుకుంది" అంది నూకాలమ్మ.

ఆటో వెళ్ళి ఆవరణలో వేసున్న ఇనస్పెక్టరు బల్లని గుద్దింది. కాగితాలన్నీ గాల్లోకి లేచాయి. ఒకటి ఎగిరొచ్చి కూర్మయ్య చేతిలో పడింది. అది ఇనస్పెక్టరు మిరపకాయ బజ్జీలు కట్టించుకొచ్చిన పొట్లం కాగితం. కూర్మయ్య దాన్ని కళ్ళకద్దుకుని, గోడ మీదున్న ఇనస్పెక్టరుకి దండం పెట్టాడు.

పోలినాయుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "జిడ్డుగా ఉందన్నియ్యా."

"అమ్మా, ఇంటికెళ్ళగానే నీళ్ళు కాచు" అన్నాడు కూర్మయ్య. "దీనికీ లాలపోద్దాం."